సౌండ్ కార్డు: ఆన్‌బోర్డ్ ఆడియో చాలదా?

కంప్యూటరులో పాట అంకెల రూపంలో ఉంటుంది. ఆ అంకెలను స్పీకరును కదిలించే విద్యుత్ తరంగంగా మార్చేది, మైకు నుంచి వచ్చే తరంగాన్ని తిరిగి అంకెలుగా మార్చేది సౌండ్ కార్డు. 1990ల చివరి దాకా దీన్ని విడిగా కొని మదర్‌బోర్డులో గుచ్చుకునేవారు. ఇప్పుడు అదే పని చేసే చిన్న చిప్పు ప్రతి మదర్‌బోర్డు మీద, ప్రతి ల్యాప్‌టాప్‌లో ముందే అతికించి వస్తోంది. దాన్నే ఆన్‌బోర్డ్ ఆడియో అంటారు. బోర్డుతో పాటు ఎలాగూ వచ్చినది ఉండగా మళ్లీ డబ్బు పెట్టి కార్డు కొనాలా అన్నది చాలామందికి వచ్చే సందేహం.

దీనికి చెప్పే మామూలు సలహాల్లో ఎక్కువ భాగం గోడ సాకెట్లో ఎర్తు సరిగ్గా ఉంది, కరెంటు నిలకడగా ఉంది అనుకుని చెప్పేవే. కామారెడ్డి జిల్లా ఎల్లారెడ్డి డివిజన్‌లోని నాగిరెడ్డిపేట మండలం వంటి చోట్ల ఆ రెండూ ప్రతి ఇంట్లో ఉంటాయని చెప్పలేం. అందుకని ఈ వ్యాసం కార్డు కన్నా ముందు కరెంటును, పాట వినడం కన్నా ముందు గొంతు రికార్డు చేయడాన్ని చూస్తుంది. నా లెక్కలో కొనాలా వద్దా అన్నది తేలేది ఆ రెండు చోట్లే.

కార్డు పుట్టుక, దాని అవసరం తగ్గిన తీరు

1981లో వచ్చిన ఐబీఎం పీసీకి బీప్ అనడం తప్ప మరో గొంతు లేదు. 1987లో కెనడాలోని క్విబెక్ నుంచి యాడ్‌లిబ్ కార్డు వచ్చింది. యమహా చిప్పుతో అది సంగీతం పలికించేది, మాట పలికించడం మాత్రం దానికి పెద్దగా చేతకాదు. 1989లో సింగపూర్‌కు చెందిన క్రియేటివ్ టెక్నాలజీ, దాని వ్యవస్థాపకుడు సిమ్ వాంగ్ హూ ఆధ్వర్యంలో సౌండ్ బ్లాస్టర్‌ను తెచ్చింది. యాడ్‌లిబ్ చేసే పనంతా చేస్తూ, రికార్డు చేసిన మాటను కూడా వినిపించింది. గేములు ఆడేవాళ్ల జాయ్‌స్టిక్కుకు ఒక పోర్టు కూడా ఇవ్వడంతో మార్కెట్ మొత్తం దాని వైపు తిరిగింది. 1992 నాటి సౌండ్ బ్లాస్టర్ 16 సీడీ స్థాయి ధ్వనిని, అంటే సెకనుకు 44,100 నమూనాలను, ఒక్కో నమూనాకు 16 బిట్లను ఇంటి కంప్యూటరుకు తెచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్లు సీడీ డ్రైవు, సౌండ్ కార్డు, రెండు చిన్న స్పీకర్లు కలిపి 'మల్టీమీడియా కిట్' పేరుతో అమ్మారు. కంప్యూటరు కొన్నవాళ్లు ఆరు నెలలు ఆగి అది కొనుక్కోవడం ఆ రోజుల్లో మామూలే.

1997లో ఇంటెల్ ఏసీ'97 ప్రమాణాన్ని ప్రకటించింది. కొద్ది ఖరీదు చిప్పుతో మదర్‌బోర్డు మీదే ధ్వని ఇవ్వడానికి అది దారి చూపింది. మొదటి తరం బోర్డుల్లో ధ్వని నాసిరకంగానే ఉండేది. 'ఆన్‌బోర్డ్ పనికిరాదు' అన్న మాట పుట్టింది అప్పుడే. చిప్పులు ఎంతో మారాయి కానీ ఆ మాట ఇంకా వినిపిస్తూనే ఉంది. 2004లో వచ్చిన హై డెఫినిషన్ ఆడియో ప్రమాణం 192 కిలోహెర్ట్జ్, 32 బిట్, ఎనిమిది ఛానళ్ల దాకా చోటిచ్చింది.

కార్డు గిరాకీని నిజంగా దెబ్బతీసింది విండోస్ విస్టా. అంతకుముందు గేములు ధ్వనులను కలిపే పనిని నేరుగా కార్డు మీద వేసేవి, దాంతో ప్రాసెసర్‌కు కొంత భారం తగ్గేది. 2007 మొదట్లో జనం చేతికి వచ్చిన విస్టా ఆ నేరు దారిని మూసేసి, కలిపే పనిని సాఫ్ట్‌వేర్‌కే అప్పగించింది. క్రియేటివ్ సంస్థ గర్వంగా చెప్పుకున్న ఈఏఎక్స్ అనే ధ్వని ఎఫెక్టులు చాలా గేముల్లో మూగబోయాయి. వాటిని తిరిగి పలికించడానికి ఆ సంస్థ ఆల్కెమీ అనే సాఫ్ట్‌వేర్ ఇవ్వాల్సి వచ్చింది. అప్పటికే ప్రాసెసర్లు ఎంత వేగం పుంజుకున్నాయంటే ధ్వని కలపడం వాటికి లెక్కలోకి రాని పని. గేము వేగం పెరుగుతుందని ఈ రోజు ఎవరైనా సౌండ్ కార్డు అంటగడితే నమ్మనక్కర్లేదు.

ఆన్‌బోర్డ్ చిప్పు సత్తా ఎంత

మన దగ్గర అమ్ముడయ్యే బోర్డుల్లో ఎక్కువగా కనిపించేది తైవాన్‌కు చెందిన రియల్‌టెక్ చిప్పు. చవక బోర్డుల్లో ఉండే ఏఎల్‌సీ887కు పాట వినిపించేటప్పుడు ధ్వనికీ రొదకూ మధ్య తేడా 97 డెసిబెల్‌లని తయారీదారు చెబుతాడు. రికార్డు చేసేటప్పుడు అది 90. ఖరీదైన బోర్డుల్లోని ఏఎల్‌సీ1220కి ఇవే అంకెలు 120, 113. బోర్డు మీద అతికించాక, చుట్టూ ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు, వాటికి కరెంటిచ్చే కాయిల్స్ పనిచేస్తుండగా ఈ అంకెలు కొంత పడిపోతాయి. అందుకే మంచి బోర్డుల్లో ఆడియో భాగాన్ని ఒక మూలకు నెట్టి, మిగతా బోర్డు నుంచి ఒక గీతలాంటి ఖాళీతో వేరు చేస్తారు.

16 బిట్ సీడీ ఇవ్వగలిగేది సుమారు 96 డెసిబెల్‌లు. గదిలో పాట గట్టి చోట 90 డెసిబెల్‌లకు చేరేలా పెట్టుకున్నా, ఏఎల్‌సీ887 సొంత రొద మన చెవి అంచు కన్నా కిందే ఉండిపోతుంది. సీలింగ్ ఫ్యాను తిరిగే గదిలో దాని గురించి మాట్లాడుకోవడమే దండగ. సీడీ స్థాయిని మించిన ధ్వనిని చెవి పసిగట్టగలదా అన్నదాన్ని బ్రాడ్ మేయర్, డేవిడ్ మోరాన్ అనే ఇద్దరు అమెరికాలో పరీక్షించి 2007లో ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ పత్రికలో ప్రచురించారు. ఏది వినిపిస్తున్నారో చెప్పకుండా 554 సార్లు అడిగితే సరైన జవాబు వచ్చింది 276 సార్లు. బొమ్మా బొరుసా వేసినా అంతే వచ్చేది.

కాబట్టి మామూలు స్పీకర్లతో, మామూలు హెడ్‌ఫోన్లతో పాట వినేవాళ్లు ఆ డబ్బు స్పీకర్ల మీదే పెట్టాలి. ధ్వనిలో తేడా చెవికి పట్టేది స్పీకరు మార్చినప్పుడే.

రొద ఎక్కడి నుంచి వస్తోంది

అయినా 'నా కంప్యూటరులో గుయ్‌మంటోంది' అనేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. ఆ గుయ్ ఎక్కడ పుట్టిందో తేల్చుకోకుండా కార్డు కొంటే కొత్త కార్డు కూడా అదే గుయ్ వినిపిస్తుంది.

రొద రకాన్ని బట్టే దాని పుట్టిల్లు చెప్పవచ్చు. ఎడతెగని 'గుయ్' అయితే అది 50 హెర్ట్జ్ కరెంటు, ఎర్తు దగ్గరి తంటా. మౌసు కదిపినప్పుడో, తెర మీద పేజీ జరిపినప్పుడో 'చిర్ర్' మంటే కంప్యూటరు లోపలి వలయాలు ఆడియోలోకి చొరబడుతున్నాయి. మైకు వాల్యూమ్ పెంచేకొద్దీ పెరిగే 'స్స్' మైకు ఆంప్లిఫయర్ బలహీనత. ఉండి ఉండి ఒక్కసారి 'టక్' మని, దాంతో పాటు ట్యూబులైటు కూడా ఆడితే దగ్గర్లో ఎక్కడో బోరు మోటరు స్టార్టరు పడింది. నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి మండలాల్లో పోచారం ప్రాజెక్టు కాలువ పారే పొలాలు ఉన్నాయి, కాలువ అందని చోట బోర్లే దిక్కు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇవ్వడం మొదలయ్యాక మోటరు ఏ గంటకైనా పడవచ్చు. ఈ 'టక్' కు సౌండ్ కార్డులో మందు లేదు. డెస్క్‌టాప్‌కు మంచి యూపీఎస్ పెడితే చాలావరకు తగ్గుతుంది. ల్యాప్‌టాప్ అయితే రికార్డింగ్ సమయంలో బ్యాటరీ మీద నడిపితే సరిపోతుంది.

ఎర్తు సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. పాత ఇళ్లలో మూడు రంధ్రాల సాకెట్టు ఉన్నా పై రంధ్రానికి తీగే ఉండదు. ఉన్నా ఎక్కడో గోడలో తెగి ఉంటుంది. ల్యాప్‌టాప్ చార్జర్లలో రొదను అణచడానికి పెట్టే కెపాసిటర్ల గుండా కొద్దిపాటి కరెంటు బయటికి కారుతుంది. దానికి భూమిలోకి దారి దొరకకపోతే అది ల్యాప్‌టాప్ లోహపు ఒంటి మీదే నిలుస్తుంది. చేత్తో తాకితే జివ్వుమనేది అదే. ఆ ల్యాప్‌టాప్‌ను ఆడియో వైరుతో మిక్సరుకో ఆంప్లిఫయరుకో కలిపితే, ఆ కరెంటు వైరు గుండా ఆంప్లిఫయరులోకి పోయి స్పీకరులో గుయ్‌మంటుంది. పెళ్లి పందిట్లో, గణేశ్ మండపంలో బాక్సులు మోగించేవాళ్లకు ఇది రోజూ ఉండే తలనొప్పి. ల్యాప్‌టాప్‌కు ఒక ఇంటి నుంచి, ఆంప్లిఫయరుకు జనరేటరు నుంచి కరెంటు తీసుకున్నప్పుడు ఇంకా ముదురుతుంది. రెండు చోట్ల ఎర్తు వోల్టేజీ ఒకటిగా ఉండదు, ఆ తేడా అంతా ఆడియో వైరులో పారుతుంది.

పరీక్ష చాలా సులువు, పైసా ఖర్చు లేదు. పాట ఆపి, వాల్యూమ్ అలాగే ఉంచి, చార్జరు పిన్ను పీకండి. గుయ్ ఆగిపోతే తప్పు చార్జరుది, ఎర్తుది. ఆగకపోతే ల్యాప్‌టాప్ తీసేసి అదే వైరును చార్జింగులో లేని ఫోనుకు పెట్టండి. అప్పుడూ ఉంటే వైరు గానీ మిక్సరు గానీ ఆంప్లిఫయరు గానీ చూసుకోవాలి. ఫోనుతో పోయి, ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద ఉన్నా వస్తే, అప్పుడు మాత్రమే ఆన్‌బోర్డ్ ఆడియోను అనుమానించాలి. డెస్క్‌టాప్‌లో ఇంకో మెట్టు ఉంది. ముందు వైపు జాక్ నుంచి తీసి వెనక వైపు జాక్‌లో పెట్టి చూడాలి. ముందు జాక్ వైరు క్యాబినెట్ లోపల గ్రాఫిక్స్ కార్డు పక్కనుంచి పోతుంది కాబట్టి దార్లో ఉన్న రొదనంతా మోసుకొస్తుంది. చాలా ఇళ్లలో ఈ ఒక్క మార్పుతోనే 'చిర్ర్' పోతుంది.

ఎర్తుది తప్పని తేలితే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి గుంత తీయించి, జీఐ పైపు దింపి, ఉప్పు, బొగ్గు వేయించి ఎర్తింగ్ చేయించుకోవాలి. ఎండాకాలంలో ఆ గుంతలో నీళ్లు పోస్తుండాలి, ఎండిన నేల కరెంటును లాక్కోదు. పందిట్లో వాడేవాళ్లకు తక్షణ ఉపాయాలు రెండు. ల్యాప్‌టాప్, మిక్సరు రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు నుంచి నడపడం ఒకటి. ఆడియో వైరు మధ్యలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు పెట్టడం రెండోది. దాన్ని గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అని అమ్ముతారు, ధర కొన్ని వందల రూపాయలే. గుయ్ పోవడానికి ఆంప్లిఫయరు ప్లగ్గులో ఎర్తు పిన్ను విరగ్గొట్టడం కొందరికి అలవాటు. రొద పోతుంది నిజమే, కానీ లోపల షార్టయిన రోజు మైకు పట్టుకున్నవాడికి షాక్ కొడుతుంది. ఆ పని ఎవరు చెప్పినా చేయవద్దు.

స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ల గురించి కూడా ఒక మాట. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకోగానే స్పీకర్లు బరబరమంటే తప్పు ఆ ఇన్వర్టర్ తరంగానిదే. సైన్ వేవ్ ఇన్వర్టర్‌తో ఆ బాధ ఉండదు.

గొంతు రికార్డు చేసేవాళ్ల సంగతి వేరు

ఆన్‌బోర్డ్ చిప్పు అసలు బలహీనత వినిపించడంలో కన్నా వినడంలో ఉంది. పైన చెప్పిన అంకెల్లోనే రికార్డింగ్ వైపు అంకె తక్కువగా ఉండటం గమనించవచ్చు. మైకు ఆంప్లిఫయరును కలుపుకుంటే అది ఇంకా దిగుతుంది.

తెలంగాణ పల్లెల నుంచి యూట్యూబ్‌లోకి వచ్చే పాట, మాట ఇప్పుడు చిన్న సంగతి కాదు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి 2012లో మొదలైన మై విలేజ్ షో గంగవ్వను రాష్ట్రమంతా ఎరిగిన మనిషిని చేసింది. బతుకమ్మ పాట, జానపదం, ఒగ్గు కథ, చిరుతల రామాయణం రికార్డు చేసి పెట్టే చిన్న ఛానళ్లు లెక్కకు మించి ఉన్నాయి. ఇలాంటి పని చేసేవాళ్లకు కార్డు ప్రశ్న నిజమైన ప్రశ్న.

స్టేజీ మీద పాడేవాళ్లు వాడే షూర్ ఎస్‌ఎం58 వంటి డైనమిక్ మైకు తీసుకుందాం. మామూలుగా మాట్లాడే దానికన్నా చాలా గట్టి ధ్వనికి, 94 డెసిబెల్‌లకు, అది ఇచ్చేది 2 మిల్లీవోల్టుల లోపే. దాన్ని పనికొచ్చే స్థాయికి తేవాలంటే వందల రెట్లు పెంచాలి. ల్యాప్‌టాప్ మైకు జాక్ ఈ పనికి పుట్టలేదు. అది హెడ్‌సెట్‌లో ఉండే చిన్న ఎలక్ట్రెట్ మైకు కోసం తయారైంది, దానికి కావలసిన రెండు మూడు వోల్టులను కూడా ఆ జాకే ఇస్తుంది. డైనమిక్ మైకును దానికి కలిపి వాల్యూమ్ చివరిదాకా పెంచితే గొంతుతో పాటు 'స్స్' కూడా పెరుగుతుంది. కండెన్సర్ మైకు అయితే దానికి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కావాలి. అది ఆన్‌బోర్డ్ జాక్‌లో ఉండదు, చాలా లోపలి సౌండ్ కార్డుల్లోనూ ఉండదు.

వీళ్లు కొనాల్సింది ఆడియో ఇంటర్‌ఫేస్, అంటే యూఎస్‌బీ వైరుతో కంప్యూటరు బయట ఉండే పెట్టె. ఫోకస్‌రైట్ స్కార్లెట్, బెరింజర్ యూ-ఫోరియా వరుసల్లోవి మన దేశంలో బాగా వాడుకలో ఉన్నాయి. ఎక్స్‌ఎల్‌ఆర్ మైకు సాకెట్టు, 48 వోల్టుల బటను, మైకు స్థాయిని పెంచి తగ్గించడానికి చేతికి దొరికే గెయిన్ మర ఉంటాయి. ఆ గెయిన్ మరే సగం విలువ. డప్పు రికార్డు చేసి చూసినవాళ్లకు తెలుస్తుంది. పాట అంతా ఒక స్థాయిలో పోతుండగా దెబ్బ ఒక్కసారి ఎగిసి పడుతుంది, అక్కడ స్థాయి దాటితే శబ్దం పగిలిపోతుంది, పగిలిన దాన్ని ఎడిటింగులో అతికించలేం. 24 బిట్‌లో రికార్డు చేస్తూ, గట్టి దెబ్బ కూడా మీటరు మీద మైనస్ 12 డెసిబెల్‌లు దాటకుండా గెయిన్ పెట్టుకుంటే, తర్వాత పెంచుకున్నా రొద పైకి తేలదు. 24 బిట్ వల్ల అసలు లాభం ఇదే, వినేవాడికి దాంతో పనిలేదు. రాత్రంతా సాగే ఒగ్గు కథకు చోటు సరిపోతుందా అంటే, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, స్టీరియోలో గంటకు ఒక జీబీ చొప్పున పడుతుంది.

ట్రాక్ వింటూ పాడేవాళ్లకు ఆలస్యం ఇంకో చిక్కు. తన గొంతు హెడ్‌ఫోనులో కొంచెం వెనకబడి వినిపిస్తే గాయకుడి తాళం తప్పుతుంది. విండోస్ మామూలు దారిలో ఈ ఆలస్యం పదుల మిల్లీసెకన్లు ఉండవచ్చు. స్టెయిన్‌బర్గ్ సంస్థ 1997లో తెచ్చిన ఏఎస్ఐఓ డ్రైవరుతో 256 నమూనాల బఫరు పెట్టుకుంటే, 48 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక్కో బఫరు ఆలస్యం 5.3 మిల్లీసెకన్లకు దిగుతుంది. పక్కన కూర్చున్న హార్మోనియం ధ్వని చెవికి చేరడానికే దాదాపు అంత సమయం పడుతుంది. పైగా చాలా ఇంటర్‌ఫేసుల్లో మైకు ధ్వనిని కంప్యూటరు దాకా పోనివ్వకుండా నేరుగా హెడ్‌ఫోనుకు పంపే డైరెక్ట్ మానిటర్ బటను ఉంటుంది.

అయితే మాట మాత్రమే రికార్డు చేసే ఛానలుకు ఈ హంగామా అక్కర్లేదు. కాలరుకు తగిలించే వైర్‌లెస్ మైకు రిసీవరు నేరుగా ఫోను టైప్-సీ పోర్టులో గుచ్చుకుంటుంది, ధ్వనిని అంకెలుగా మార్చే పని ఆ సెట్టులోనే జరిగిపోతుంది. 2020 సెప్టెంబరు 1న తెలంగాణలో బడి పాఠాలు టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి బాట పట్టినప్పటి నుంచి ఫోను ముందు, ల్యాప్‌టాప్ ముందు మాట్లాడాల్సి వచ్చిన టీచర్లకైనా యూఎస్‌బీ హెడ్‌సెట్ చాలు. దానిలోనే ఒక చిన్న సౌండ్ కార్డు ఉంటుంది.

కార్డుతో పనే లేనివాళ్లు

బ్లూటూత్ హెడ్‌ఫోను వాడేవాళ్లకు ఏ కార్డు పెట్టినా తేడా రాదు, ఎందుకంటే అంకెలు ధ్వనిగా మారేది హెడ్‌ఫోనులో. హెచ్‌డీఎంఐ వైరుతో టీవీకి, ఆప్టికల్ వైరుతో హోమ్ థియేటరుకు కలిపినవాళ్లకూ ఇంతే. డీజే కంట్రోలర్ కొన్నవాళ్లు కూడా విడిగా కొనకూడదు. జనానికి ఒక పాట, తన చెవికి తర్వాతి పాట వినిపించడానికి కావలసిన రెండు స్టీరియో దారులు దాదాపు అన్ని కంట్రోలర్లలో ముందే ఉంటాయి. ఆపైన యూట్యూబ్ నుంచి దించుకున్న పాటే బాక్సుల్లో వాయిస్తుంటే ఏ కార్డు దాన్ని బాగుచేయదు.

పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే ఫొటో స్టూడియోలకు కూడా ఆన్‌బోర్డ్ సరిపోతుంది. వాళ్లకు కావలసింది ఒక నమ్మకమైన హెడ్‌ఫోను.

హెడ్‌ఫోను 250, 300 ఓమ్‌ల రకం అయితే మాత్రం ఆన్‌బోర్డ్ వోల్టేజీ చాలక పీలగా వినిపిస్తుంది. మరీ తక్కువ ఓమ్‌ల ఇయర్‌ఫోన్లతో ఇంకో ఇబ్బంది, బోర్డు ఔట్‌పుట్ ఇంపీడెన్స్ ఎక్కువైతే ధ్వని తీరు మారుతుంది. ఇయర్‌ఫోను ఇంపీడెన్స్‌లో ఎనిమిదో వంతు కన్నా అది తక్కువ ఉండాలన్నది వాడుకలో ఉన్న లెక్క. ఇలాంటివాళ్లకు చిన్న యూఎస్‌బీ డీఏసీ, అంటే అంకెలను ధ్వని తరంగంగా మార్చే బయటి పరికరం, కొనడం న్యాయమే.

లోపలి కార్డా, బయటి పెట్టెనా

కొనాలని తేలితే నా ఓటు బయటి పెట్టెకే. క్యాబినెట్ లోపలి రొదకు అది దూరంగా ఉంటుంది, ల్యాప్‌టాప్‌కూ డెస్క్‌టాప్‌కూ పనికొస్తుంది, కంప్యూటరు మార్చినా మిగులుతుంది. క్రియేటివ్ వారి ఏఈ వరుస వంటి పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డులు ఇప్పటికీ వస్తున్నాయి, మంచివే. కానీ ల్యాప్‌టాప్‌కు వాటితో పనిలేదు, చిన్న పట్టణాల షాపుల్లో దొరకడం అరుదు. నాగిరెడ్డిపేట నుంచి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చినాయ్ ట్రేడ్ సెంటర్ దాకా పోయి తెచ్చుకున్నా, మరమ్మతు వస్తే మళ్లీ అక్కడికే పోవాలి.

చాలా ఇళ్లలో కార్డు కొనే అసలు కారణం మాత్రం ఇవేవీ కావు, జాక్ పాడవడం. ప్లగ్గు పెట్టి తీసి లూజయిపోతుంది, లేదా పిడుగు పడిన రాత్రి చిప్పు కాలిపోతుంది. అలాంటప్పుడు మదర్‌బోర్డు మార్చాలని షాపులో చెబితే ఒప్పుకోనక్కర్లేదు. కొన్ని వందల రూపాయలకు దొరికే యూఎస్‌బీ ఆడియో అడాప్టరు ఆ పని చేసేస్తుంది. చాలావాటిలో సీ-మీడియా చిప్పు ఉంటుంది, పాటకు ఫరవాలేదు, మైకు మాత్రం మోనో.

పాత కార్డు చవకగా వస్తోందని తీసుకునేవాళ్లు రెండు చూసుకోవాలి. సౌండ్ బ్లాస్టర్ లైవ్, మొదటి ఆడిజీ కార్డులు పాత పీసీఐ స్లాటువి, కొత్త బోర్డుల్లో ఆ స్లాటు ఉండదు. పాత ఇంటర్‌ఫేసులకు కొత్త విండోస్‌లో డ్రైవరు దొరక్కపోవచ్చు. 'క్లాస్ కంప్లయింట్' అని ఉన్న యూఎస్‌బీ పెట్టెకు ఆ బెడద ఉండదు. 2017 నాటి విండోస్ 10 మార్పుతో యూఎస్‌బీ ఆడియో 2.0కు డ్రైవరు విండోస్‌లోనే వచ్చేసింది, లినక్స్‌లో అంతకుముందు నుంచే ఉంది. అలాంటి పెట్టె ఓటీజీ ఉన్న ఆండ్రాయిడ్ ఫోనుకు కూడా పనిచేస్తుంది, కాకపోతే 48 వోల్టుల మైకు పెట్టినప్పుడు ఫోను ఇచ్చే కరెంటు చాలక ఆగిపోతే మధ్యలో సొంత పవర్ ఉన్న యూఎస్‌బీ హబ్ పెట్టుకోవాలి.